తెల్ల రానన్‌క్యులస్ దుంపలు నాటే ముందు ఇవి చూస్కోండి

వైజాగ్‌లో ఈ రానన్‌క్యులస్ (పొరలు పొరలుగా రేకులుండే చలికాలం పువ్వు) పెంచాలనుకుంటే ముందు చలి సంగతి ఆలోచించండి, దీనికి రాత్రిళ్ళు 10 డిగ్రీల దగ్గర ఉంటే హాయి, మనకి జనవరిలో కూడా అంత చలి రాదు, అరకు వైపు వాళ్ళకైతే నిజంగా అదృష్టమే.

- అక్టోబర్‌లో తొందరపడొద్దు. తుఫాను వానలకి దుంప కుళ్ళిపోద్ది. నవంబర్ చివర్లో నాటండి, పూలు రావడానికి దాదాపు 3 నెలలు పడుతుంది కాబట్టి ఇంకా లేట్ చేస్తే ఎండలొచ్చేస్తాయి, మొక్క వాడిపోద్ది.
- ఎండు దుంపల్ని మామూలు నీళ్ళలో 3, 4 గంటలు నానబెడితే చాలు, రోజంతా వదిలేయకండి.
- గోళ్ళలా ఉన్న వైపు కిందకి, 5 సెంటీమీటర్ల లోతు.
- కుండీకి కన్నాలుండాలి, మట్టిలో ఇసక కలపండి.
- పొద్దుటెండ తగిలి మధ్యాహ్నం నీడపడే చోటు. బీచ్ రోడ్డు వైపు మేడ మీదైతే ఉప్పుగాలి నేరుగా కొట్టకుండా అడ్డం పెట్టండి.
- ఇది మాత్రం దయచేసి మర్చిపోవద్దు, కాండం తుంచితే వచ్చే రసం చర్మానికి తగిలితే మంట, దురద వస్తాయి, గ్లౌజులు వేసుకోండి, పిల్లలూ కుక్కలూ పిల్లులూ నోట్లో పెట్టుకోకుండా చూడండి, తింటే విషం.
- నీళ్ళు మొక్క మొదలు దగ్గరే పోయండి, పూల మీద పడితే తెల్ల రేకుల మీద మరక ఇట్టే కనబడుద్ది.
- కోసేముందు మొగ్గ నొక్కి చూడండి, మెత్తగా ఉంటేనే కోయండి, గట్టి మొగ్గ కూజాలో సరిగ్గా విచ్చుకోదు.