లైపో ప్యాక్‌లు: ఛార్జర్ నిరాకరిస్తే అక్కడితో ఆపాలి

2022 ఏప్రిల్‌లో, కొద్ది రోజుల తేడాతో, నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీ పేలి ప్రాణాలు కోల్పోయారు. అటువంటి వార్తలు ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. వాటిని స్కూటర్ల గొడవగా చదివి పక్కన పెడుతున్న ఏరోమోడలింగ్ మిత్రులు, అంటే రిమోట్‌తో చిన్న నమూనా విమానాలు ఎగరవేసేవారు, తమ అల్మారా వైపు ఒకసారి చూడాలి. అక్కడున్న లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాక్‌లదీ లిథియం కుటుంబమే. పైగా స్కూటర్ బ్యాటరీకి గట్టి పెట్టె, లోపల ఓల్టేజ్‌ను కనిపెట్టి చూసే సర్క్యూట్ ఉంటాయి; విమానంలో వాడే ప్యాక్‌లో బరువు తగ్గించడం కోసం ఆ రెండూ ఉండవు. పలుచని రేకు సంచుల్లో సెల్‌లు, వాటిపైన ఒక ప్లాస్టిక్ తొడుగు, అంతే. కాపాడే పని మొత్తం బయట ఉన్న ఛార్జర్‌ది, దాని ముందు కూర్చున్న మనిషిది.

వానలు వెనక్కి తగ్గి మైదానాలు ఆరుతున్న ఈ రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. జూన్‌లో కట్టిపెట్టిన ప్యాక్‌లను నాలుగు నెలల తర్వాత బయటికి తీసి, ఆదివారం ఎగరవేయాలన్న తొందరలో శనివారం రాత్రి ఛార్జింగ్‌కు పెడతాం. కిటికీ తెర పక్కన, పరుపు మీద పెట్టకూడదన్న మాటలు ప్యాక్ మీదే అచ్చువేసి ఉంటాయి కనుక వాటిని ఇక్కడ మళ్లీ చెప్పను. మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీసిన ఒక్క తప్పు గురించి చెబుతాను.

ప్యాక్‌ను తగిలించగానే ఛార్జర్ తెరపై ఓల్టేజ్ తక్కువగా ఉందన్న హెచ్చరిక వస్తుంది, ఛార్జింగ్ మొదలుకాదు. వేలు పోసి కొన్న ప్యాక్‌ను పారేయడానికి మనసొప్పదు. ఇంతలో పక్కనున్నవారెవరో ఒక చిట్కా చెబుతారు: ఛార్జర్‌ను నికెల్ మెటల్ హైడ్రైడ్ అనే వేరే రకం బ్యాటరీల మోడ్‌లోకి మార్చి, కొద్ది నిమిషాలు కరెంటు ఎక్కించి, ఓల్టేజ్ పైకి రాగానే తిరిగి లైపో మోడ్‌లో పెడితే ప్యాక్ బతుకుతుందని. ప్యాక్ నిజంగానే బతికినట్టు కనిపిస్తుంది. బల్లలు, విమానాలు, ఒక చోట గది మొత్తం కాలిపోయిన సందర్భాల వెనుక నేను చూసింది ఈ చిట్కానే.

కారణం తెలిస్తే ఈ పని ఎవరూ చేయరు. లైపో సెల్‌లో రుణధ్రువం వైపు కరెంటును సేకరించేది పలుచని రాగి రేకు. సెల్ బాగా ఖాళీ అయి 2 వోల్టుల దరిదాపులకు, అంతకంటే దిగువకు జారినప్పుడు ఆ రాగి కరిగి ఎలక్ట్రొలైట్‌లో కలవడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు అది తిరిగి రేకులా పరుచుకోదు. ఎక్కడ పడితే అక్కడ లోహపు ముళ్లుగా పేరుకుంటుంది. రెండు ధ్రువాలనూ వేరుచేసే పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు మాత్రమే ఉంటుంది. ముల్లు దాన్ని దాటిన చోట లోపలే షార్ట్ అవుతుంది. అది ఆ రాత్రే జరగాలని లేదు, పది ఛార్జింగ్‌ల తర్వాత కూడా జరగవచ్చు. అందుకే చిట్కా చెప్పినవారు తాము చెప్పింది సరైనదేనని నమ్ముతూ ఉంటారు. ఇక లైపో సెల్ దాటకూడని 4.2 వోల్టుల పరిమితి అంటే ఏమిటో నికెల్ మోడ్‌కు తెలియదు. నిండిన నికెల్ సెల్‌లో ఓల్టేజ్ కొద్దిగా తగ్గుతుంది, ఆ తగ్గుదల కోసం అది ఎదురుచూస్తుంది. లైపోలో ఆ తగ్గుదల రాదు, కరెంటు ఆగదు. ఫోన్ మోగి మీరు రెండు నిమిషాలు అటు తిరిగితే చాలు.

కాబట్టి ఛార్జర్ నిరాకరించిన ప్యాక్‌కు ఏ మోడ్‌లోనూ, ఏ మార్గంలోనూ కరెంటు ఎక్కించకూడదు. నెలల తరబడి పడి ఉన్న ప్యాక్‌లో ఏ ఒక్క సెల్ 3 వోల్టుల కంటే తక్కువ చూపినా దాన్ని పక్కన పెట్టేయాలి. అది అంతకు ముందు ఎంత లోతుకు దిగి, ఎంతకాలం అక్కడ ఉండిందో ఇప్పుడు కొలిచి చెప్పే సాధనం మన దగ్గర లేదు.

ఆ స్థితి రాకుండా చూడడం కష్టమేమీ కాదు. ఎగరవేయడం ఆపేసిన రోజునే ప్రతి సెల్‌ను 3.80 నుంచి 3.85 వోల్టుల మధ్య ఉంచే స్టోరేజ్ మోడ్‌లో పెట్టి దాచాలి. 4.2 దాకా నింపి దాచిన ప్యాక్ మన ఎండలకు ఉబ్బుతుంది. ఖాళీగా దాచింది ఇంకా ఖాళీ అవుతుంది. ప్యాక్‌ను విమానంలో తగిలించి వదిలేస్తే ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే సర్క్యూట్), రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ దాన్ని కొద్దికొద్దిగా తాగేస్తాయి. బ్యాలెన్స్ లీడ్‌కు, అంటే ఒక్కో సెల్ ఓల్టేజ్‌ను విడిగా చూపే సన్నని వైర్ల కట్టకు, గుచ్చి మరిచిపోయిన చిన్న ఓల్టేజ్ అలారం కూడా అదే పని చేస్తుంది. ప్యాక్‌ను కాపాడడానికి కొన్న పరికరమే దాన్ని చంపిన సందర్భాలు చాలా ఉన్నాయి.

మొత్తం ఓల్టేజ్‌ను చూసి తృప్తిపడకూడదు. మూడు సెల్‌ల ప్యాక్ 10.6 వోల్టులు చూపితే సెల్‌కు సగటున మూడున్నర ఉందనిపిస్తుంది, కానీ లోపల 4.1, 4.1, 2.4 ఉండవచ్చు. బ్యాలెన్స్ లీడ్ లేకుండా ఛార్జ్ చేస్తే ఛార్జర్ ఆ మొత్తాన్ని మాత్రమే చూసి 12.6 దాకా తీసుకుపోతుంది; బలహీనమైన సెల్ వెనుకబడినంత మేరా మంచి సెల్‌లు 4.2 దాటిపోతాయి. సెల్‌ల సంఖ్య తప్పుగా పెట్టినప్పుడు జరిగేది ఇంకా దారుణం: రెండు సెల్‌ల ప్యాక్‌ను మూడుగా పెడితే ఒక్కో సెల్ 6.3 వైపు నడుస్తుంది. బ్యాలెన్స్ లీడ్ తగిలించి ఉంటే ఛార్జర్ ఈ రెండు పొరపాట్లనూ పట్టుకుంటుంది.

కరెంటు విషయానికి వస్తే, 2200 మిల్లీ ఆంప్ అవర్ ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు, 850కి 0.85 చాలు. ఛార్జర్ పాత అమరికను గుర్తుపెట్టుకుంటుంది కనుక, 5000 ప్యాక్ తర్వాత చిన్న ప్యాక్‌ను తగిలించేటప్పుడు తెరను మళ్లీ చదవాలి.

చోటు గురించి ఒక్క మాట. గ్రానైట్ బండ ఉందని చాలామంది వంటగది గట్టు మీద పెడతారు. దాని కిందే గ్యాస్ సిలిండర్ ఉంటుంది. అక్కడ పెట్టకూడదు. బాల్కనీలో గానీ, కిటికీ తెరిచిన గదిలో టైల్స్ నేల మీద గానీ, పొడి ఇసుక పరిచిన మట్టి పూలకుండీలో పెట్టాలి. గది తలుపు దగ్గర, బయటికి వెళ్లే దారిలో పెట్టకూడదు.

ఛార్జింగ్ సాగుతుండగా నిద్రపోకూడదు. స్నానానికి వెళ్లకూడదు. ఎగిరి వచ్చిన వేడి ప్యాక్‌ను చల్లారక ముందే తగిలించకూడదు. ఎండలో నిలిపిన కారులో ప్యాక్‌లు వదలకూడదు, కారులో ఛార్జ్ చేయకూడదు. విమానం కూలితే అందులోని ప్యాక్‌ను బయట, విడిగా, కనీసం గంట సేపు గమనించాలి. ఉబ్బిన ప్యాక్‌ను గుచ్చి గాలి తీయకూడదు. ఛార్జింగ్ వైరు చివరనున్న బనానా ప్లగ్‌లను ముందు ఛార్జర్‌కు తగిలించి, ఆ తర్వాతే ప్యాక్‌ను కలపాలి; వరుస తారుమారైతే ఆ రెండు కొనలూ ఒకదానికొకటి తగులుతాయి. కరెంటు పోతే ప్యాక్‌ను ఛార్జర్ నుంచి విడదీయాలి. 4.35 వోల్టుల హెచ్‌వీ (హై ఓల్టేజ్) మోడ్‌లో మామూలు లైపోను పెట్టకూడదు. ఛార్జర్ నిరాకరిస్తే మోడ్ మార్చకూడదు. రెండో ఛార్జర్‌తో ప్రయత్నించకూడదు. మంచి ప్యాక్‌తో సమాంతరంగా కలిపి లేపాలని చూడకూడదు.

ప్యాక్ ఉబ్బుతున్నా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా గోడ స్విచ్ ఆపేయాలి. పొగ మొదలైతే ప్యాక్‌ను చేత్తో ముట్టుకోకూడదు, విమానాన్ని కాపాడుకోవాలని చూడకూడదు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది, ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఇసుక కప్పినా సెల్ లోపలి మంట ఆరదు, పక్కకు పాకడం మాత్రం తగ్గుతుంది. అందరినీ బయటికి పంపి, తలుపు మూసి, 101కి ఫోన్ చేయాలి.

పనికిరాని ప్యాక్‌ను ఆరుబయట 12 వోల్టుల కారు బల్బుకు కలిపి పూర్తిగా ఖాళీ చేసి, కొనలకు టేపు చుట్టి, ఈ-వేస్ట్ సేకరించేవారికి ఇవ్వాలి. వైర్లు కత్తిరించాల్సి వస్తే ఒక్కొక్కటిగా కత్తిరించి, వెంటనే టేపు వేయాలి. మున్సిపాలిటీ చెత్త బండిలో వేయకూడదు. కాలేజీ క్లబ్బుల్లో సీనియర్లు వెళ్తూ వెళ్తూ అటువంటి ప్యాక్‌లను జూనియర్లకు అప్పగిస్తున్నారు, ఆ పిల్లలు వాటిని హాస్టల్ గదుల్లో నికెల్ మోడ్‌లో పెట్టి లేపుతున్నారు. ఇది వెంటనే ఆగాలి. ఛార్జర్ నిరాకరించిన ప్యాక్‌పై మార్కర్‌తో అడ్డంగా గీత కొట్టి, కనెక్టర్ తీసేసి, దాన్ని ఇంకెవరూ ఏ ఛార్జర్‌కూ తగిలించలేని స్థితిలోనే చేయి మార్చాలి.