ప్రాక్టీస్‌లో పులి, మ్యాచ్‌లో పిల్లి: ఎయిట్ బాల్ పూల్‌లో సమస్యలు, పరిష్కారాలు

పార్లర్‌లో స్నేహితులతో గంటల తరబడి పూల్ ఆడి, బాగానే ఆడుతున్నాననుకుని, ఏదో ఒక టోర్నమెంట్‌లో పేరిచ్చి, మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను అలా మూడుసార్లు వచ్చేశాను కాబట్టి జబ్బు ఎక్కడుందో కొంత తెలుసు. పూర్తిగా నయమైందని మాత్రం చెప్పను.

సమస్య: రోజూ పడే బాల్ మ్యాచ్‌లో పడటం లేదు

కారణం అడిగితే అందరూ టెన్షన్ అంటారు. సరే, ఆ టెన్షన్ ఒంట్లో ఎక్కడికి దిగుతోంది? నేను చూసినంతలో మూడు చోట్లకి. వెనక చెయ్యి క్యూని (కొట్టే కర్రని) పీక పిసికినట్టు పట్టుకుంటుంది, లేదంటే స్ట్రోక్ వైట్‌ని (క్యూతో కొట్టే తెల్ల బాల్‌ని) తాకగానే ఆగిపోతుంది, లేదంటే బాల్ పడిందో లేదో చూడాలన్న ఆత్రంలో తల ముందే లేచిపోతుంది.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష. వైట్‌కి రెండడుగుల దూరంలో ఒక బాల్ పెట్టండి, వెనకాల పాకెట్ సూటిగా ఉండాలి. వైట్‌ని మధ్య నుంచి కొంచెం కిందికి కొట్టి, తాకిన చోటే ఆపండి. వైట్ పక్కకి జారుతోందంటే క్యూ వంకరగా వస్తోంది, పట్టు బిగిసింది లేదా తల కదిలింది. ఆగకుండా ముందుకి పాకుతోందంటే స్ట్రోక్‌ని మధ్యలో చంపేస్తున్నారు, లేదా అనుకున్నదానికంటే పైన తగిలిస్తున్నారు. ఇది మ్యాచ్‌కి ముందు ఐదు నిమిషాల ప్రాక్టీస్ ఇచ్చినప్పుడు చెయ్యండి, ఆ రోజు చెయ్యి ఎలా ఉందో అక్కడే తెలిసిపోతుంది.

పరిష్కారం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఆలోచనంతా నిలబడే చెయ్యాలి: ఏ పాకెట్, ఎంత బలం, వైట్ ఎక్కడికి వెళ్లి ఆగాలి. వంగాక ఆలోచన ఉండకూడదు, క్యూ మూడుసార్లు ఊపడం, ఒక క్షణం ఆగడం, కొట్టడం అంతే. వంగాక మనసు మారిందా, సిగ్గుపడకుండా లేచి మళ్లీ మొదలుపెట్టండి. ఎందుకంటే నేను మిస్ చేసిన ఈజీ బాల్స్‌లో సగానికి సగం, వంగిన తర్వాత "కొంచెం ఎడమవైపు స్పిన్ కూడా వేస్తే పోలే" అనిపించి వేసినవే. పెద్ద టోర్నమెంట్‌లలో షాట్‌కి 30 సెకన్లో 35 సెకన్లో అని గడియారం పెడతారు గానీ మన దగ్గర ఎవరూ పెట్టరు, అయినా ఎదుటివాడు చకచకా ఆడేవాడైతే ఆ వేగం మనకీ అంటుకుంటుంది. అంటుకోనివ్వకండి.

సమస్య: ఏడు బాల్స్ వేసేశాను, బ్లాక్ దగ్గర ఓడిపోయాను

ఎయిట్ బాల్‌లో ఇద్దరికీ చెరో ఏడు బాల్స్ గ్రూపు, మీ ఏడూ వేశాక ఎనిమిదో నంబరు బాల్, అంటే బ్లాక్, వేస్తే గేమ్ మీది. ఈ మాట వారానికి నాలుగుసార్లు వింటాను, చివర్లో "బ్యాడ్ లక్ అన్నా" అని కూడా ఉంటుంది. బ్యాడ్ లక్ ఏమీ లేదు. తప్పు బ్లాక్ దగ్గర జరగలేదు, అంతకు నాలుగు షాట్ల ముందే జరిగిపోయింది.

ఏం జరుగుతుందంటే, టేబుల్ మీదికి రాగానే పాకెట్ నోట్లో కూర్చున్న ఈజీ బాల్స్ అన్నీ టకటకా వేసేస్తాం, చూసేవాళ్లు బల్ల చరుస్తారు, అంటుకుపోయి ఉన్న రెండు బాల్స్ మాత్రం చివరికి మిగులుతాయి. అవి విడదీయడానికి వెళ్లి మిస్ చేస్తాం. ఇప్పుడు టేబుల్ చూడండి: మన బాల్స్ దాదాపు లేవు, అంటే ఎదుటివాడికి అడ్డమే లేదు. వాడి ఏడింటికీ దారులు మనమే ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి ఇచ్చాం. ఐదు బాల్స్ వేసి ఆగిపోవడం కంటే ఒక్కటీ వెయ్యకుండా ఆగడం మేలైన రోజులు చాలానే ఉంటాయి.

దీనికి మందు లెక్క వెనక నుంచి చదవడం. ముందు బ్లాక్ ఏ పాకెట్‌లో పడుతుందో చూడండి, దానికి వైట్ ఎక్కడ ఉండాలో చూడండి, ఆ చోటికి తేలిగ్గా తీసుకెళ్లే మీ బాల్ ఏదో వెతకండి. అదే కీ బాల్. అది ఎంత ఈజీగా కనిపించినా, ఎంత ఊరించినా, చివరిదాకా ముట్టుకోవద్దు. తర్వాత, అంటుకున్న బాల్స్ ఉంటే వాటిని మొదట్లోనే, పక్కన ఇంకో ఈజీ బాల్ ఉండగానే విడదీయండి, అప్పుడు వైట్ ఎక్కడ ఆగినా కొట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది.

విడదీసే దారే లేకపోతే? సేఫ్టీ ఆడండి, అంటే బాల్ వెయ్యడానికి పోకుండా, ఎదుటివాడికి ఈజీ షాట్ దొరక్కుండా వైట్‌ని దాచిపెట్టండి. మన దగ్గర సేఫ్టీ ఆడితే "దొంగాట" అనేవాళ్లు ఇంకా ఉన్నారు, ఆ మాటకి భయపడి ఎంతమంది చేజేతులా గేమ్‌లు పోగొట్టుకున్నారో. 1995లో అమెరికాలోని రీనోలో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ వైట్‌ని చక్కగా దాచిపెడితే, ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ దాన్ని కుషన్లకి (టేబుల్ చుట్టూ ఉండే రబ్బరు అంచులకి) కొట్టి, జెడ్ అక్షరంలా తిప్పి, కావలసిన బాల్‌ని పాకెట్‌లో వేశాడు. అది నైన్ బాల్ (పూల్‌లోనే ఇంకో రకం ఆట) మ్యాచ్, ఇప్పటికీ ఆ షాట్ గురించి మాట్లాడుకుంటారు. స్ట్రిక్‌లాండ్ ఆడిన సేఫ్టీలో తప్పేమీ లేదు, ఎదురుగా రేయెస్ ఉండటమే తప్పు. మీ ఎదురుగా రేయెస్ ఉండడు లెండి.

సమస్య: ప్రతి మ్యాచ్‌లో రూల్స్ మీద గొడవ

కారణం ఒక్కటే, ప్రతి పార్లర్‌కీ దాని సొంత రాజ్యాంగం ఉంటుంది. ఒకచోట ఫౌల్ చేస్తే ఎదుటివాడికి రెండు షాట్లు, ఇంకోచోట వైట్ బ్రేక్ (గేమ్ మొదలుపెట్టే షాట్) కొట్టే గీత వెనక నుంచే, మరోచోట బ్రేక్‌లో ఏది పడితే అదే మీ గ్రూపు. అంతర్జాతీయ రూల్స్‌లో ఇవేవీ లేవు. ఫౌల్ అయితే వైట్ ఎదుటివాడి చేతికి, టేబుల్ మీద ఎక్కడైనా పెట్టుకోవచ్చు. బ్రేక్‌లోనే వైట్ పాకెట్‌లో పడితే మాత్రం గీత వెనక నుంచి. బ్రేక్‌లో ఏది పడినా టేబుల్ ఓపెన్‌గానే ఉంటుంది, అంటే ఎవరి గ్రూపు ఏదో ఇంకా తేలనట్టే. బ్రేక్‌లో ఏదీ పడకపోతే కనీసం నాలుగు బాల్స్ కుషన్లకి తగలాలి. బ్రేక్‌లో బ్లాక్ పడితే గెలుపూ కాదు, ఓటమీ కాదు.

ఎక్కువ గొడవ తెచ్చేది మాత్రం కుషన్ రూలే. వైట్ మీ బాల్‌ని తాకాక ఏదో ఒక బాల్ పాకెట్‌లో పడాలి, లేదా ఏదో ఒకటి కుషన్‌కి తగలాలి, లేకపోతే ఫౌల్. మెల్లగా తాకించి వదిలేసి "తగిలింది కదా" అని వాదించేవాళ్లకి ఇది తెలియదు. బాల్ అప్పటికే కుషన్‌కి అంటుకుని ఉంటే, అదే కుషన్‌కి మళ్లీ నొక్కితే లెక్కలోకి రాదు. కాబట్టి అది అంటుకుందో లేదో షాట్‌కి ముందే ఇద్దరూ వంగి చూసి ఒప్పుకోవాలి.

ఏం చెయ్యాలంటే, మ్యాచ్ మొదలయ్యే ముందు ఏ రూల్స్ అని అడగండి, అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు. రెండు బాల్స్ దగ్గరదగ్గరగా ఉండి ఏది ముందు తగులుతుందో అనుమానం ఉంటే, షాట్‌కి ముందే మూడో మనిషిని పిలిచి నిలబెట్టండి. షాట్ అయ్యాక పిలిస్తే వచ్చినవాడు ఏం చూసి చెప్తాడు, పాపం. బ్యాంక్ షాట్లు (బాల్‌ని కుషన్‌కి కొట్టి వేసేవి), ఒకదాన్ని కొట్టి ఇంకోదాన్ని వేసేవి అయితే బాల్, పాకెట్ నోటితో చెప్పండి. మీ ఫౌల్ మీకు తెలిస్తే మీరే చెప్పేయండి, ఒక గేమ్ పోతుందేమో గానీ పార్లర్‌లో పేరు మిగులుతుంది, ఆ పేరు తర్వాత చాలా గొడవల్లో పనికొస్తుంది.

సమస్య: ఎదుటివాడు కావాలనే చిరాకు పెడుతున్నాడు

మీరు వంగగానే పాకెట్ వెనక నిలబడటం, అప్పుడే చాక్ (క్యూ కొసకి రాసే సుద్ద) రుద్దడం, ఫోన్‌లో మాట్లాడటం. కొందరు నిజంగా కావాలనే చేస్తారు, చాలామందికి మాత్రం తెలియదు. కాబట్టి ముందు లేవండి, మళ్లీ చాక్ పెట్టుకోండి, "అన్నా, కొంచెం పక్కకి" అని మామూలు గొంతుతో చెప్పండి. వినకపోతే టోర్నమెంట్ నడిపేవాళ్లకి చెప్పండి. కోపంతో షాట్ ఆడకండి, వాడికి కావలసింది అదే.

పనిలో పనిగా మన సంగతి కూడా చూసుకోవాలి. ఆట ఎదుటివాడిదైతే కుర్చీలో కూర్చోండి. చాక్‌ని టేబుల్ అంచు మీద బోర్లా పెట్టకండి, ఆ పొడి బట్టకీ బాల్స్‌కీ అంటుతుంది.

సమస్య: స్నూకర్ బాగా ఆడతాను, పూల్‌లో బలం కుదరడం లేదు

స్నూకర్ బాల్ 52.5 మిల్లీమీటర్లు, పూల్ బాల్ 57 దాటుతుంది, బరువూ ఎక్కువే. సన్నని టిప్ (కొస) ఉన్న స్నూకర్ క్యూతో పూల్ ఆడొచ్చు గానీ బ్రేక్ మాత్రం కొట్టకండి, పార్లర్ పూల్ క్యూ తీసుకోండి.

సమస్య: 4-1 ఆధిక్యంలో ఉండి 5-4తో ఓడిపోయాను

ఇది నాదే, హైదరాబాద్‌లోనే, నిరుడు. 4-1 కాగానే బుర్ర తర్వాతి రౌండ్‌లో ఎవరు తగులుతారో చూడ్డానికి డ్రా కాగితం దగ్గరికి వెళ్లిపోయింది. ఒక ఈజీ బాల్ మిస్ అయింది, కుర్చీలో కూర్చున్నాను, అవతలివాడు వరసగా రెండు గేమ్‌లు తీసుకున్నాడు. కూర్చున్నంతసేపూ ఆ మిస్సయిన బాలే మళ్లీ మళ్లీ కొడుతున్నాను, టేబుల్ మీద ఏం జరుగుతోందో చూడనే లేదు. కుర్చీలో ఉన్నప్పుడు చెయ్యాల్సిన పని ఉంది నిజానికి: ఆ టేబుల్ ఎంత వేగంగా ఉంది, కుషన్లు ఎలా తిప్పుతున్నాయి, అవతలివాడు ఎటువైపు కట్ షాట్లు (బాల్‌ని పక్కవాటుగా తాకించి వేసేవి) తప్పించుకుంటున్నాడు, ఇవన్నీ చూడొచ్చు. ఒక గుక్క నీళ్లు తాగి, అరచేతులు తుడుచుకుని, నా వంతు వస్తే మొదటి షాట్ ఏదో అనుకుంటూ ఉండొచ్చు. ఇప్పుడు అదే చేస్తున్నాను.

4-4లో అతను బ్లాక్ మీదికి వంగుతుంటే నేను లేచి క్యూ విప్పడం మొదలుపెట్టాను. పక్కన కూర్చున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఏం తమ్మీ, అంత తొందరేంది? ఆయన ఇంకా కొట్టలే" అన్నాడు. చివరి గేమ్‌లో ఎదుటివాడు ఆడుతుండగా క్యూ విప్పితే ఓటమి ఒప్పుకున్నట్టే లెక్క అని అప్పుడే తెలిసింది. మళ్లీ బిగించి కూర్చున్నాను. అతను బ్లాక్ మిస్ చేశాడు. తర్వాత నేనూ చేశాను.