హాకా నేర్చుకుందాం – మూడవ పాఠం: చేతుల్లో ఎండ

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు ఆడే సంప్రదాయ నృత్యమే హాకా. కిందటి పాఠంలో కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, వెన్ను నిటారుగా నిలిపి నేలను తొక్కడం నేర్చుకున్నాం. ఈసారి చేతులు. హాకాలో నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ, కొత్తవాళ్ళు ఎక్కువగా అశ్రద్ధ చేసేదీ ఇదే.

ముందు ఒక ఉచ్చారణ సంగతి. మావోరీ భాషలోనూ తెలుగులోలాగే హ్రస్వ దీర్ఘాలు అర్థాన్ని మార్చేస్తాయి. పత్రికలు 'హాకా' అని రాస్తాయి కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. కానీ అందులో రెండు అచ్చులూ హ్రస్వాలే. నోటితో అనేటప్పుడు 'హక' అనండి. చేతులు వణికించడాన్ని 'విరి' అంటారు. మనకు విరి అంటే పువ్వు, వాళ్ళకు వణుకు.

ఆ వణుకు భయం వల్ల వచ్చింది కాదు, కోపం వల్ల వచ్చిందీ కాదు. మావోరీల పురాణకథలో సూర్యుడు తమనుయితెరాకు ఇద్దరు భార్యలు: వేసవి కన్య హినెరౌమతి, శీతకాలపు కన్య హినెతకురువ. వేసవి కన్యకు పుట్టిన కొడుకు తానెరోరె. మండువేసవి మధ్యాహ్నం నేల మీద గాలి అలలు అలలుగా కదలాడడం చూశారు కదా? అది తానెరోరె తన తల్లి కోసం ఆడే ఆట అని మావోరీలు చెబుతారు. విరి ఆ ఆటే. హాకాను యుద్ధనృత్యం అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు బాధ కలిగిస్తుంది. ఆయుధాలు పట్టి ఆడే 'పెరుపెరు' అందులో ఒక రకం మాత్రమే. అతిథికి స్వాగతం పలికేటప్పుడు, పెళ్ళిలో, చనిపోయినవారికి వీడ్కోలు చెప్పేటప్పుడు కూడా హాకా ఆడతారు.

ఇక సాధన. చేతులు ముందుకు చాచి మోచేతులు కొద్దిగా వంచండి. వేళ్ళు బిగించకండి. మణికట్టు నుంచి అరచెయ్యి చిన్నగా, వేగంగా అటూ ఇటూ ఆడాలి. తడి చేతులు విదిలించినట్టు కుదుపు వస్తే వేగం తగ్గించి మళ్ళీ మొదలుపెట్టండి. భుజాలు కదలకూడదు.

రగ్బీ మైదానాల్లో న్యూజిలాండ్ జట్టు ఆడగా మీరు చూసిన 'క మతె' అనే హాకాలోనూ ఎండ ఉంది. 1820 ప్రాంతంలో ఙాతి తోవ తెగ నాయకుడు తె రౌపరాహ శత్రువులు తరుముతుంటే రోటోఐరా సరస్సు దగ్గర చిలగడదుంపలు దాచే గోతిలో దాక్కున్నాడు. ఆ ఊరి నాయకుడి భార్య తె రంగికోఐయ గోతి మీద కూర్చుని అతన్ని కాపాడింది. చావు వచ్చిందా, బతుకు దక్కిందా అని చీకట్లో ఊగిసలాడి, చివరికి వెలుగులోకి వచ్చిన మనిషి కట్టిన హాకా అది. దాని చివరి మాటలు ఎండ కాసిందనే చెబుతాయి. దీని కర్త తె రౌపరాహ అని, ఇది ఙాతి తోవ తెగకు చెందినదని గుర్తిస్తూ 2014లో న్యూజిలాండ్ పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే చేసింది. కాబట్టి ఎక్కడ ఆడినా ముందు ఆయన పేరు చెప్పండి.

వచ్చే పాఠంలో కళ్ళు, నాలుక. అప్పటిదాకా రోజూ అయిదు నిమిషాలు అద్దం ముందు నిలబడండి. కాళ్ళు కిందటి పాఠంలోలా నేలను తొక్కుతూ ఉండాలి, చేతుల వణుకు ఆ దెబ్బకు ఆగిపోకూడదు.