లిథోటమీలో గంటల తరబడి ఆపరేషన్: కాళ్లను కాపాడుకునే పద్ధతి

రోబోటిక్ ప్రోస్టేట్ సర్జరీ, పెద్దపేగు చివరి భాగం క్యాన్సర్ ఆపరేషన్ లాంటివాటిలో పేషెంటు కాళ్లు స్టిరప్‌లలో (కాళ్లను పట్టి ఉంచే ఊతాలు) పైకి ఉంటాయి, ఇదే లిథోటమీ భంగిమ; తల కిందికి ఉంటుంది. నాలుగు గంటలు దాటితే పిక్కల మీద కన్నేసి ఉంచాలి. గుండె కంటే ఎత్తులో ఉన్న ప్రతి సెంటీమీటరుకూ కాలిలో బీపీ దాదాపు 0.78 mmHg పడిపోతుంది. అంటే 30 సెం.మీ. ఎత్తితే 23 తగ్గినట్టే. చేతికి కట్టిన కఫ్ ఇది చూపించదు. పిక్క కింద స్టిరప్ నొక్కుడు కూడా తోడైతే కండరానికి రక్తం చాలదు. కాళ్లు దించి రక్తం మళ్లీ పారాక కండరం వాస్తుంది, చుట్టూ ఉన్న పొర సాగదు. అదే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్.

బూట్ స్టిరప్ అయితే మడమను అడుగుదాకా కూర్చోబెట్టండి. బరువు అరికాలి మీద పడాలి, పిక్క మీద కాదు. కాలి వేళ్లు, మోకాలు, అవతలి భుజం ఒకే గీతలో ఉండాలి. తొడ 90 డిగ్రీలకు మించి మడవకండి. మోకాలి బయటి వైపు, కాస్త కిందగా తగిలే ఎముక బుడిపె దగ్గర నరం చర్మం కిందే ఉంటుంది. అక్కడ స్టిరప్ రాడ్ ఆనితే ఫుట్ డ్రాప్ (పాదం పైకి లేవక వేలాడటం) రావచ్చు. జెల్ ప్యాడ్ వేయండి, లేదా వేలు దూరేంత సందు వదలండి.

కాళ్లు ఎత్తిన టైము బోర్డు మీద రాయండి. ప్రతి రెండు గంటలకు పది నిమిషాలు గుండె మట్టానికి దించాలి. సర్జన్ విసుక్కున్నా సరే. రోబో డాక్ అయి ఉంటే (దాని చేతులు పేషెంటుకు బిగించి ఉంటే) ముందు అన్‌డాక్ చేయకుండా టేబుల్ కదపకూడదు, కాబట్టి ఈ విరామాన్ని ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోండి. దించేటప్పుడు రెండు కాళ్లూ కలిపి, నెమ్మదిగా. బీపీ పడొచ్చు. టేబుల్ కాళ్ల భాగం పైకి లేపే ముందు పేషెంటు వేళ్లు సందులో లేవని కళ్లతో చూడండి.

ఆపరేషన్ అయ్యాక పిక్క గట్టిబడి, కాలి వేళ్లను మనం వంచి చాపితేనే భరించలేని నొప్పి అంటే అనుమానించండి. పాదంలో నాడి అందుతోందని ధైర్యపడొద్దు, అది చాలా ఆలస్యంగా పోతుంది. ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర ఇచ్చే నొప్పి మందు) ఉంటే నొప్పే తెలియకపోవచ్చు, అప్పుడు గంట గంటకూ పిక్క నొక్కి చూడాల్సిందే. డయాస్టోలిక్ బీపీ (కింది అంకె) లోంచి కండరం లోపలి ఒత్తిడి తీసేస్తే 30 కంటే తక్కువ మిగిలితే ఫేషియాటమీకి (ఆ సాగని పొరను కోసి తెరవడానికి) సిద్ధం కావాలి, పిక్కలోని నాలుగు కండరాల గదులూ తెరవాలి. మూత్రం కోలా రంగుకు మారితే సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), పొటాషియం పరీక్షలకు రక్తం వెంటనే పంపండి.