గ్రానైట్ బ్లాకులో ఎన్ని అడుగులొస్తాయి? తొమ్మిదిమంది బుర్రలతో ఒక అంకె తేల్చడం ఎలా?

చీమకుర్తి క్వారీ నుంచి గెలాక్సీ గ్రానైట్ బ్లాకు యార్డులో దిగగానే అందరి ప్రశ్నా ఒకటే: కోస్తే ఎన్ని చదరపు అడుగుల స్లాబు (రాతి పలక) వస్తుంది? బ్లాకుకి ఎంత పెట్టాలి, ఆర్డరు ఒప్పుకోవాలా వద్దా అన్నీ ఆ అంకె మీదే ఉంటాయి. చాలా ఫ్యాక్టరీల్లో ఓనరు గారు ఒక మాట అంటారు, మిగతావాళ్లు తలూపుతారు. దానికి ‘అందరం కలిసి అనుకున్నాం’ అని పేరు. ఇట్లా కోట్లు పోగొట్టుకోవద్దు. దానికి బదులు తొమ్మిదిమంది చేత ఎవరి అంచనా వాళ్ల చీటీ మీద చాటుగా రాయించి, వాటిలో నడిమి అంకె తీసుకోండి.

కావాల్సినవి ఒకే సైజు చీటీలు, పెన్సిళ్లు, మూత ఉన్న డబ్బా. పెన్ను వద్దు, పెన్సిలే. మనుషులు తొమ్మిదిమంది, ఒకే పని వాళ్లు కాకుండా: క్వారీ మేస్త్రీ, కటింగ్ మిషన్ నడిపే అతను, పాలిష్ దగ్గరుండేవాళ్లు, క్రేన్ డ్రైవరు, లెక్కలు రాసే అమ్మాయి. పాలిష్ చేసే మనిషి నూలుపోగంత పగులును కూడా పసిగడతాడు, లెక్కల అమ్మాయికి పోయిన నెల బ్లాకులు ఎంతిచ్చాయో గుర్తుంటుంది. ప్రశ్నకి జవాబు అంకెలోనే రావాలి.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే: చీటీ రాసే ఐదు నిమిషాలు.

ఆ ఐదు నిమిషాల్లో ఒక్క మాట వినపడకూడదు. ఒక యార్డులో ఓనరు బ్లాకు చుట్టూ తిరిగి, ఊరికే, ‘పన్నెండొందలకి తగ్గదులే’ అన్నారు. తొమ్మిది చీటీలూ 1,100కీ 1,250కీ మధ్యే వచ్చాయి. కోస్తే 800 దాటలేదు. వాళ్లలో ముగ్గురు పగులు చూశారంట! ‘సార్ అన్నాక మనమేం రాస్తామన్నా’ అన్నారు నాతో. అందుకే ఓనరు అక్కడ ఉండనే కూడదు. సీనియర్ మేస్త్రీ ముఖం చిట్లించినా చీటీ మారిపోతుంది. ఒకరికొకరు వీపు తిప్పి నిలబెట్టండి, పేర్లు రాయించవద్దు, మడిచి డబ్బాలో వేయించండి.

వాట్సాప్ పోల్ పెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. ముందు ఎవరు దేనికి ఓటేశారో అందులో కనబడుతుంది, వెనకొచ్చినవాళ్లు అటే వెళ్తారు. బోర్డు ముందు కూర్చోబెట్టి మాట్లాడించే మీటింగులూ అంతే, గొంతున్నవాడి మాటే మిగులుతుంది.

ఒంగోలు గిత్తని చూసి బరువు చెప్పే పెద్దలు మన ఊళ్లలో ఉన్నారు కాబట్టి ఈ సంగతి మనకి బాగా ఎక్కుతుంది. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశు ప్రదర్శనలో ఒక ఎద్దుని చూపించి, కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో పందెం పెట్టారు. చీటీ కొని ఎవరికి వారు రాసి ఇచ్చారు. చదవగలిగిన 787 చీటీలని ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త వరసగా పేర్చి నడిమి అంకె తీస్తే 1,207 పౌన్లు. అసలు తూకం 1,198.

మీరూ నడిమిదే తీయండి, సగటు వద్దు. 640, 700, 720, 750, 760, 780, 800, 820 రాసినవాళ్ల మధ్య ఒకరు పొరపాటున 1,500 రాస్తే సగటు 830కి ఎగబాకుతుంది. అయిదో చీటీ మాత్రం 760 దగ్గరే ఉంటుంది. నడిమి చీటీ ఒక్కటే రావాలంటే మనుషులు బేసి సంఖ్యలో ఉండాలి.

చీటీలు బాగా దూరం దూరంగా ఉంటే రెండో విడత పెట్టండి. అన్నిటికంటే తక్కువ, ఎక్కువ అంకెలకి కారణాలు ఇంకో చీటీ మీద పేరు లేకుండా రాయించి మీరే చదివి వినిపించి, మళ్లీ చాటుగా రాయించండి. 1950ల్లో అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ వాళ్లు డెల్ఫీ అని పేరు పెట్టి నడిపిన పద్ధతి ఇదే. మూడో విడత వద్దు, జనం విసిగిపోయి నడిమి అంకెకే జరిగిపోతారు.

బ్లాకు కోశాక వచ్చిన అసలు అడుగులు నోట్‌బుక్కులో చీటీ అంకె పక్కనే ఆ సాయంత్రమే రాయండి, ఆ పేజీ తొమ్మిదిమందికీ చూపించండి.