బీపీ మాత్రలు వాడేవాళ్లు హిమోగ్లోబిన్ రిపోర్ట్ ఎలా చూసుకోవాలంటే

టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడుతున్నవాళ్లు హిమోగ్లోబిన్ కొంచెం తగ్గగానే కంగారుపడి ఐరన్ మాత్రలు మొదలుపెట్టేయకండి, ఈ మాత్రల వల్లే కాస్త తగ్గి ఉండొచ్చు, ముందు అసలు సంగతి చూడండి.

బీపీ పడిపోతే కిడ్నీ రెనిన్ అనే ఎంజైమ్ వదులుతుంది, దాంతో యాంజియోటెన్సిన్ 2 అనే హార్మోన్ తయారై రక్తనాళాల్ని బిగిస్తుంది, ఇంతవరకు చాలామందికి తెలుసు. కానీ అదే హార్మోన్, ఎర్రకణాలు తయారుచేయమని చెప్పే ఎరిత్రోపోయిటిన్‌ని కూడా పెంచుతుంది, పైగా ఎముక మజ్జలో ఎర్రకణాలుగా మారబోయే కణాల మీద నేరుగా కూడా పనిచేస్తుంది. మాత్ర ఆ దారికి అడ్డుపడితే బీపీతో పాటు ఎర్రకణాల తయారీ కూడా కాస్త నెమ్మదిస్తుంది. కిడ్నీ మార్పిడి తర్వాత కొందరికి ఎర్రకణాలు మరీ పెరిగిపోతే డాక్టర్లు ఇవే మందులిచ్చి తగ్గిస్తారు, నాకైతే ఇందులో బాగా నచ్చే విషయం ఇదే.

సో మాత్ర మొదలెట్టకముందు చేయించిన సీబీసీ (రక్తకణాల లెక్క చూపే టెస్ట్) రిపోర్ట్ జాగ్రత్తగా దాచుకోండి. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి వారానికే మళ్లీ టెస్ట్ చేయించినా ఏమీ తెలీదు, మూడు నెలల తర్వాతది దాని పక్కన పెట్టి చూడండి. హిమోగ్లోబిన్ అర గ్రాము, మహా అయితే ఒక గ్రాము తగ్గితే మందు వల్ల కావచ్చు. అంతకన్నా ఎక్కువ తగ్గినా, ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) తక్కువున్నా, మలం నల్లగా వస్తున్నా మందు మీదకి నెట్టేసి ఊరుకోకండి, డాక్టర్‌ని కలిసి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) టెస్టులు కూడా చేయించుకోండి. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు, ప్లీజ్, రెండు రిపోర్టులూ చూపించి డాక్టర్‌నే అడగండి.