అద్దె విమానం, చిన్న ప్రమాదం – పాఠం 4: ఫోన్ ఎవరికి, బిల్లు ఎవరికి?

గత పాఠం తర్వాత ఎక్కువమంది అడిగింది ఒకటే: "ప్రొపెల్లర్ నేలకు తగిలింది, ఎన్‌టీఎస్‌బీకి ఫోన్ చేయాలా?"

ఎన్‌టీఎస్‌బీ అంటే అమెరికాలో విమాన ప్రమాదాల మీద దర్యాప్తు చేసే సంస్థ. దెబ్బ అంతటితో ఆగితే అక్కర్లేదు. అమెరికా నిబంధనల ప్రకారం నేల మీద ప్రొపెల్లర్‌కి తగిలిన దెబ్బ, ల్యాండింగ్ గేర్, టైర్లు, బ్రేకులు, ఫ్లాప్స్, రెక్కల కొసలకు తగిలిన దెబ్బ ‘భారీ నష్టం’ కిందికి రావు. భారీ నష్టమైతేనే అది ఫోన్ చేయాల్సిన యాక్సిడెంట్. సెస్నా 172 లాంటి చిన్న విమానం ముందు చక్రం ఒక్కటే వంగితే అది యాక్సిడెంట్ కాదు. కానీ గట్టిగా దిగినప్పుడు ఆ చక్రం తన్నిన తన్నుకి వెనకున్న ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య ఉండే లోహపు గోడ) ముడతపడిందా, లెక్క మారిపోతుంది. వెంటనే ఫోన్, 10 రోజుల్లో ఎన్‌టీఎస్‌బీకి రాతపూర్వక నివేదిక, అంటే 6120.1 ఫారం. మెకానిక్ కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) విప్పి చూసేదాకా ఆ ముడత సంగతి తెలియదు, అందాకా "ఏమీ కాలేదు" అని ఎవరితోనూ అనకండి. ఎవరికైనా తీవ్ర గాయమైతే ఈ చర్చే లేదు, ఫోన్ చేయాల్సిందే.

పైలట్లు తమ పొరపాట్లను నాసాకి రాసి పంపే ఫారానికీ 10 రోజులే గడువు కావడంతో కొందరు రెండూ కలిపేశారు. నాసా ఫారం, అనుకోకుండా నిబంధన తప్పినప్పుడు ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) శిక్ష తప్పించుకోడానికి. యాక్సిడెంట్లకు ఆ రక్షణ లేదు.

ఫొటోలు తీయాలని మళ్లీ చెప్పను. ఇక బిల్లు సంగతి. నాకు ఒళ్లుమండేది విమానం అద్దెకిచ్చిన ఫ్లయింగ్ క్లబ్బు గురించి అనే ఈ మాటకి: "క్లబ్బుకి ఇన్సూరెన్స్ ఉంది కదండీ!" ఉంది, క్లబ్బుకి. ఇన్సూరెన్స్ కంపెనీ క్లబ్బుకి డబ్బిచ్చేసి, వసూలుకు మీ మీద పడొచ్చు. ప్రొపెల్లర్ తగిలితే ఇంజిన్ కూడా విప్పి చూడాలంటుంది ఇంజిన్ తయారీ కంపెనీ లైకమింగ్, ఆ బిల్లు వేల డాలర్లు. "నాకు రెంటర్స్ పాలసీ (విమానం అద్దెకు తీసుకునే పైలట్ సొంతంగా కొనే ఇన్సూరెన్స్) ఉంది" అంటారు. చూపించమంటే "ప్రాపర్టీ డ్యామేజ్" మీద వేలు పెడతారు. అది అవతలివాళ్ల ఆస్తికండీ! రన్‌వే లైటుకి, కంచెకి, పక్కన ఆపిన విమానానికి. మీరు నడిపిన విమానానికి అందులోంచి పైసా రాదు. దానికి "ఎయిర్‌క్రాఫ్ట్ డ్యామేజ్ లయబిలిటీ" అని వేరే వరస ఉంటుంది. దాని ఎదురుగా అంకె లేకపోతే ఆ కవరేజీ లేనట్టే. ప్రీమియం కలిసొస్తుందని దాన్ని వదిలేసేవాళ్లున్నారు. నేనైతే ఫ్లయింగ్ గంటలు తగ్గించుకుంటాను గానీ దాన్ని వదలను.

అభ్యాసం: అద్దె ఒప్పందం, పాలసీ పక్కపక్కన పెట్టుకోండి. ఒప్పందం మీ నెత్తిన వేసిన ప్రతి ఖర్చునీ ఏ క్లాజు భరిస్తుందో రాయండి. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వకుండా మినహాయించే మొదటి మొత్తం), ఇంజిన్ విప్పిన ఖర్చు, విమానం షెడ్డులో ఉన్నన్నాళ్లు క్లబ్బుకి పోయిన అద్దె – మూడూ ఉండాలి. తర్వాత ఖాళీ 6120.1 తెచ్చుకుని, పైన చెప్పిన ఫైర్‌వాల్ కేసు మీదే అనుకుని మొత్తం నింపండి, వాతావరణం గడులతో సహా. నింపడమే, పంపకండి.